నానో కీమో: ఆ మందు నా ఒంట్లో ఎటు వెళ్ళింది, ఏం చేసింది

"ఇది నానో మందండీ, నేరుగా క్యాన్సర్ గడ్డ దగ్గరికే వెళ్తుంది, మిగతా ఒంటికి ఏమీ కాదు" అని నాకు ఈ కీమో మొదలుపెట్టకముందు చాలామంది చెప్పారు. చుట్టాలు చెప్పారు, డే కేర్‌లో పక్క కుర్చీలో కూర్చున్నావిడ చెప్పారు, మందుల షాపతను కూడా చెప్పాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మిగతా కొంత ఏమిటో నా అరచేతులకీ అరికాళ్ళకీ తెలుసు. ఇదే మందు రాయించుకున్న వాళ్ళకి మొదటి రోజుకి ముందే ఈ సంగతులన్నీ తెలియాలని ఇదంతా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన టీచర్ని. మాది తెనాలి దగ్గర పల్లె, వైద్యం మాత్రం హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంట్లో ఉండి చేయించుకున్నాను.

నాకు వచ్చింది అండాశయ క్యాన్సర్. ఆపరేషన్ చేసి, మామూలుగా అందరికీ ముందు ఇచ్చే కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఇచ్చారు. ఈ క్యాన్సర్‌ని గమనించే సిఎ-125 అనే రక్తపరీక్ష అంకె మామూలుగా ఉండాల్సిన 35 లోపుకి దిగింది, ఊరికి వెళ్ళిపోయాను, జుట్టు కూడా మళ్ళీ వచ్చింది. ఆర్నెల్లు నిండకముందే ఆ అంకె పెరగడం మొదలైంది, స్కాన్ తీస్తే పొత్తికడుపులో చిన్న చిన్న గడ్డలు. కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందు ఆపిన ఆర్నెల్ల లోపే జబ్బు తిరగబెడితే మళ్ళీ అదే మందు ఇచ్చినా పెద్దగా పనిచేయదట. అందుకని డాక్టర్ గారు పెగిలేటెడ్ లైపోజోమల్ డాక్సోరూబిసిన్ రాశారు. అంత పేరు ఎవరూ పలకరు, డే కేర్‌లో అందరూ లైపో అనేస్తారు. నాలుగు వారాలకొకసారి ఎక్కించాలి. డోసు ఒంటి వైశాల్యాన్ని బట్టి, చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాముల చొప్పున. నా ఎత్తూ బరువూ వేసి చూస్తే 60 మిల్లీగ్రాములు వచ్చింది.

డాక్సోరూబిసిన్ పేరు వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. అది పాత మందే. ఇటలీలో మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి తీశారు, ఏడ్రియాటిక్ సముద్రం పేరు మీద ఏడ్రియామైసిన్ అని పిలిచారు, రొమ్ము క్యాన్సర్‌కి, లింఫోమాకి, ఇంకా ఎన్నిటికో దశాబ్దాలుగా వాడుతున్నారు. మందు గట్టిదే, కానీ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. అందుకే ఒక మనిషికి జీవితం మొత్తంలో చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాముల మించి మామూలు డాక్సోరూబిసిన్ ఇవ్వరు. నాకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, మా అమ్మ పోయింది కూడా గుండెజబ్బుతోనే. ఈకో తీసి పంపింగ్ 60 శాతం ఉంది, పరవాలేదు అన్నారు గానీ నా మనసు ఒప్పుకోలేదు. "ఇప్పుడు బాగుంది సరే, ఈ మందు పడ్డాక ఎలా ఉంటుందండీ?" అని గట్టిగానే అడిగాను. డాక్టర్ గారు వెనక ఎంతమంది వెయిటింగ్‌లో ఉన్నా ఓపిగ్గా ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక బొమ్మ గీసి చెప్పారు. తర్వాత నేనూ, మా తమ్ముడూ కలిసి చదివి తెలుసుకున్నది కూడా కలిపి ఇక్కడ చెప్తాను.

మందు అదే, దాని చుట్టూ ఉన్న కవరే వేరు. లైపోజోమ్ అంటే మన కణాల పొరలో ఉండే లాంటి కొవ్వు పదార్థంతోనే చేసిన గుల్ల. కేంబ్రిడ్జ్ దగ్గర అలెక్ బాంగమ్ అనే శాస్త్రవేత్త 1960లలో వీటిని కనిపెట్టారు. నాకిచ్చిన మందులో ఒక్కో గుల్ల సైజు 80 నుంచి 100 నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. అంత చిన్నదాంట్లో డాక్సోరూబిసిన్ అణువులు పదివేలకు పైనే పడతాయి. ఎలా పట్టించారో చదివినప్పుడు టీచర్‌గా నాకు చాలా ముచ్చటేసింది: గుల్లలోపల ముందే అమ్మోనియం సల్ఫేట్ పెడతారు, మందు పొర దాటి లోపలికి వెళ్ళి సల్ఫేట్‌తో కలిసి స్ఫటికంలా గట్టిపడిపోతుంది, ఇక బయటికి రాలేదు. జెరూసలేంలో బారెన్‌హోల్జ్, గబిజోన్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి కూర్చుని సాధించిన పని ఇది.

కానీ కొవ్వు గుల్ల ఒక్కటే చాలదు. రక్తంలోకి కొత్త కణం ఏది వచ్చినా కాలేయంలో, ప్లీహంలో ఉండే కాపలా కణాలు పట్టి మింగేస్తాయి. వాటి కంటపడకుండా గుల్ల పైన పెగ్ అనే పాలిమర్ పూత వేస్తారు, పేరులో పెగిలేటెడ్ అని ఉండేది అందుకే. ఆ పూత వల్ల మందు రోజుల తరబడి రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. అలా తిరుగుతూ ఎక్కడ దారి దొరికితే అక్కడ బయటికి దూరుతుంది. గుండెలో సన్న రక్తనాళాల గోడలు బిగుతుగా ఉంటాయి కాబట్టి 100 నానోమీటర్ల గుల్ల వాటిని దాటలేదు, అందుకే మామూలు డాక్సోరూబిసిన్‌తో పోలిస్తే గుండెకి ప్రమాదం బాగా తక్కువ. క్యాన్సర్ గడ్డ మాత్రం తనకి కావలసిన రక్తనాళాలని హడావిడిగా పెంచుకుంటుంది, వర్షాకాలం ముందు తొందర తొందరగా మట్టిపోసి వదిలేసిన కాలువ గట్టులా ఆ గోడల నిండా సందులే. గుల్లలు ఆ సందుల్లోంచి గడ్డలోకి జారతాయి, అక్కడ లింఫ్ నాళాలు సరిగ్గా పనిచేయవు కాబట్టి తిరిగి బయటికి కొట్టుకుపోకుండా కొన్ని అక్కడే నిలిచిపోతాయి. జపాన్‌లో మాత్సుమురా, మయేదా 1986లో ఈ సంగతి చెప్పారు. ఇంతకుమించి ఆ గుల్లకి కళ్ళూ లేవు, అడ్రసూ లేదు. ఇది అర్థమైతే ఆ తర్వాత నాకు జరిగినవన్నీ అర్థమవుతాయి.

మొదటి డోసుకి మందు బయట కొనుక్కురమ్మన్నారు. దీన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మా తమ్ముడు ఒక షాపులో తీసుకుంటే వాళ్ళు డీప్ ఫ్రీజర్‌లో పడి ఉన్న పెట్టె తీసి, ఐసు ముక్కల మధ్య కుక్కి ఇచ్చారు. ఆస్పత్రి ఫార్మసీ ఆవిడ ఆ పెట్టె చూడగానే వెనక్కి ఇచ్చేశారు, గుల్లలు చెదిరిపోయి ఉంటే మాకెలా తెలుస్తుంది, నేను ఒప్పుకోను అన్నారు. ఆ పూట నా బెడ్ క్యాన్సిల్ అయింది, మా తమ్ముడు షాపతనితో గొడవపడి డబ్బులు వెనక్కి తెచ్చాడు. ఆవిడ అలా పట్టుబట్టినందుకు నేను ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. బయట కొనేవాళ్ళు బిల్లుతో పాటు ఫ్రిజ్‌లో ఏ అరలోంచి తీస్తున్నారో కూడా చూడండి, ఇంటి దాకా కోల్డ్ బాక్సులో జెల్ ప్యాక్ పక్కన ఒక గుడ్డ అడ్డం పెట్టి తెచ్చుకోండి.

ఈ మందు మనదేశంలోనే తయారవుతుందని అప్పుడే తెలిసింది. అమెరికాలో దీన్ని డాక్సిల్ పేరుతో 1995లో ఆమోదించారు, అక్కడ మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మొదటి నానో మందు ఇదే, మొదట ఎయిడ్స్ రోగులకొచ్చే కపోసి సార్కోమా అనే క్యాన్సర్‌కి, తర్వాత 1999లో అండాశయ క్యాన్సర్‌కి. 2011లో అక్కడ తయారుచేసే ఫ్యాక్టరీ ఆగిపోయి మందు దొరక్క రోగులు వెయిటింగ్ లిస్టుల్లో పడ్డారు, 2012 ఫిబ్రవరిలో మన సన్ ఫార్మా వాళ్ళ లైపోడాక్స్‌ని దిగుమతి చేసుకోడానికి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మామూలు డాక్సోరూబిసిన్ కంటే ఖరీదు చాలా ఎక్కువే అయినా, ఇక్కడే తయారవడం వల్లే నాలాంటి పెన్షన్ మనిషికి అందే దూరంలో ఉందనుకుంటాను.

ఎక్కించే రోజు సంగతి. సంచిలో మందు ఎర్రగా, కొంచెం మబ్బు పట్టినట్టు ఉంటుంది. సిస్టర్ డెక్స్‌ట్రోజ్ బాటిల్ వేలాడదీస్తుంటే నేను ఆపేశాను, "అమ్మాయ్, నాకు షుగర్, ఫైల్లో రాసి ఉంది చూడు" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "ఈ మందుని ఉప్పు సెలైన్‌లో కలపకూడదమ్మా, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, ఉప్పు నీళ్ళలో ఈ గుల్లలు నిలబడవు" అంది. 250 మిల్లీలీటర్ల సంచిలో ఉండే గ్లూకోజు 12.5 గ్రాములు, అది నేను లెక్కేసుకుని ఊరుకున్నాను. ట్యూబు కూడా ఫిల్టర్ లేనిది చూసి పెట్టింది. మొదటిసారి నిమిషానికి ఒక మిల్లీగ్రాము చొప్పునే ఎక్కించాలట, తొందరపెట్టకూడదట. ఎందుకో కొన్ని నిమిషాల్లోనే తెలిసింది.

ముందు నడుములో ఎవరో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. వెంటనే మొహం వేడెక్కిపోయింది, ఛాతీ బిగదీసుకుపోయి ఊపిరి అందలేదు. గుండెపోటు వచ్చేసింది, మా అమ్మకొచ్చినట్టే వచ్చేసింది అనుకున్నాను. మా వారు పరుగెత్తారు, సిస్టర్ అప్పటికే డ్రిప్ ఆపేసింది, డ్యూటీ డాక్టర్ వచ్చి ఆక్సిజన్ పెట్టి ఇంజెక్షన్లు చేశారు. కాసేపట్లో మొత్తం సర్దుకుంది. తర్వాత మా డాక్టర్ గారు వచ్చి కూర్చుని చెప్పారు: ఇది గుండె కాదు, మందు విషమూ కాదు, ఆ నానో కణాలని చూసి మన రక్షణ వ్యవస్థలో కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల గుంపు ఒక్కసారిగా రెచ్చిపోతుంది, ఎక్కువగా మొదటి డోసులో మొదటి కొద్ది నిమిషాల్లోనే వస్తుంది, చాలామందికి మళ్ళీ రాదు. గంట ఆగి ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టారు, పూర్తయింది. ఆ తర్వాతి డోసుల్లో మళ్ళీ రాలేదు. మీలో ఎవరికైనా మొదటిసారి ఎక్కిస్తుంటే, వెంట ఉన్న మనిషిని మొదటి అరగంట కాఫీకనీ బిల్లు కట్టడానికనీ బయటికి పంపకండి, నడుం నొప్పి అనిపించినా సరే వెంటనే పిలవండి. నడుం నొప్పి కూడా ఒక గుర్తని నాకెవరూ ముందు చెప్పలేదు. ఇంటికెళ్ళాక మూత్రం ఎర్రగా వస్తే రక్తమని కంగారు పడనక్కర్లేదు, అది మందు రంగు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

వాంతులు పెద్దగా లేవు. జుట్టు ఈసారి ఊడలేదు, కొంచెం పలచబడిందంతే, మొదటి కీమోలో గుండు చూసి ఏడ్చిన మా మనవరాలికి అదే పెద్ద సంతోషం. నోట్లో పుండ్లు వచ్చాయి, ఆవకాయ మాటే లేదు, మజ్జిగన్నంతో గడిచింది. ఇంతవరకూ సుఖంగానే ఉందనుకుంటుండగా రెండు మూడు డోసులయ్యాక అరచేతులు చురచురలాడటం మొదలైంది.

అసలు కష్టం ఇదే, నేను రాయాలనుకున్నదీ ఎక్కువగా దీని గురించే. అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి, వాచి, మంటపుట్టి, పొరలు పొరలుగా ఊడటాన్ని హ్యాండ్ ఫుట్ సిండ్రోమ్ అంటారు. రోజుల తరబడి రక్తంలో తిరిగే ఆ గుల్లలు గడ్డలోకి వెళ్ళినట్టే చర్మంలోకీ వెళ్తాయి, ముఖ్యంగా ఒత్తిడి పడేచోట, రాపిడి తగిలేచోట, వేడి తగిలేచోట. సన్న రక్తనాళాలు అక్కడ నలిగి మందు బయటికి వస్తుంది. నా ఒంటి మీద చూస్తే ఇది పాఠంలో బొమ్మ గీసినట్టు కనిపించింది. గరిటె పట్టుకునే చోట ఎర్రటి గీత. ఉంగరం కింద రింగులా పుండు. మడమల మీద, చెప్పు పట్టీ నొక్కే చోట, లోదుస్తుల ఎలాస్టిక్ ఆనే నడుము దగ్గర. వేరే చోట చర్మం మామూలుగానే ఉంది.

సిస్టర్ చెప్పిన జాగ్రత్తలు వినడానికి తేలిగ్గానే ఉంటాయి, మన ఇళ్ళలో పాటించడమే కష్టం. వేడినీళ్ళు పోసుకోకూడదు. జబ్బు మనిషికి సలసలా కాగిన నీళ్ళు పోయడం మన అలవాటు, మా పిన్ని పొద్దున్నే గీజర్ వేసి రెడీగా ఉండేది, ఆవిడకి నచ్చజెప్పడానికే చాలా రోజులు పట్టింది. గోరువెచ్చని నీళ్ళు కూడా వద్దు, మామూలు నీళ్ళే. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దుకోవాలి. కాళ్ళు మంటపుడుతున్నాయంటే ఎవరో ఒకరు నూనె పట్టుకొచ్చి పిసకడానికి కూర్చుంటారు, ఆ పిసకడమే పనికిరాదు, క్రీము ఒత్తకుండా పూసి వదిలేయాలి. చపాతీ పిండి కలపడం, రోట్లో నూరడం, బట్టలు పిండడం, వేడి గిన్నె మసిగుడ్డతో దించడం, ఉత్తకాళ్ళతో గుళ్ళో ప్రదక్షిణలు చేయడం, ఏవీ కుదరవు. ఎక్కించేటప్పుడూ ఆ తర్వాత కాసేపూ చేతుల్లో, కాళ్ళ కింద గుడ్డ చుట్టిన ఐస్ ప్యాకులు పెట్టుకుంటే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని మందు తక్కువ చేరుతుంది. మా డే కేర్‌లో అవి ఉండేవి కావు, మేమే ఇంటి నుంచి తీసుకెళ్ళేవాళ్ళం.

మెట్టెల దగ్గర పెద్ద గొడవే అయింది. వేలు వాచి మెట్టె కింద చర్మం చితికిపోతోంది, తీసేయాలని సిస్టర్ చెప్పింది. పిన్ని ఒప్పుకోదు. "ముత్తైదువ్వి, ఆయన నిక్షేపంలా ఎదురుగా ఉండగా మెట్టెలు తీస్తావుటే" అని ఒకటే ఏడుపు. నాకూ మనసు రాలేదు. చివరికి మా వారే కింద కూర్చుని నా పాదం ఒళ్ళో పెట్టుకుని, సబ్బు రాసి నెమ్మదిగా తీశారు, "నా మెట్టెలు నేనే తీసి దాచుతున్నాను పిన్నీ, మళ్ళీ నేనే పెడతాను" అన్నారు. ఆవిడ ఇంకేమీ అనలేదు. ఉంగరాలూ, బిగుతు గాజులూ కూడా ఆ రోజే తీసేశాం. ఇది రాస్తున్నది ఎందుకంటే ఎంతోమంది ఆడవాళ్ళు ఇదే మొహమాటంతో వేలు పుండయ్యే దాకా ఉంచుకుంటారు.

అప్పటికీ తగ్గకపోతే డాక్టర్ గారు తర్వాతి డోసు రెండు వారాలు వెనక్కి జరిపి, మోతాదు కూడా తగ్గించారు. వెనక్కి జరిపితే జబ్బు పెరిగిపోతుందేమో అని భయపడ్డాను. పుండ్లు మానకుండా ఇస్తే మొత్తానికే ఆపేయాల్సి వస్తుంది, తగ్గించి ఇస్తే కొనసాగించగలం అన్నారు. అలాగే కొనసాగించారు.

చేతులకి గుడ్డ చుట్టుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే మా తమ్ముడు ఒక అంకె చూపించాడు. 2016లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు అంతకుముందు పదేళ్ళలో ఎలుకల మీద జరిగిన నానో కణాల ప్రయోగాలన్నీ కూడగట్టి లెక్కవేస్తే, ఇచ్చిన మోతాదులో గడ్డ దాకా చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. చాలా భాగం కాలేయం, ప్లీహం పాలే. చదివి చాలాసేపు మాట్లాడలేకపోయాను. నేను పడుతున్నది ఆ ముప్పావు శాతం కోసమా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే నా గుండె గుర్తొచ్చింది. డోసుల మధ్యలో తీసిన ఈకోలో పంపింగ్ 60 దగ్గరే నిలబడి ఉంది. ఈ గుల్ల నాకు చేసిన పెద్ద మేలు మందుని గడ్డకి మోసుకెళ్ళడం కంటే, గుండెలోకి వెళ్ళనివ్వకపోవడం. అదే చిన్న సంగతి కాదు, నాలాంటి మనిషికి డాక్సోరూబిసిన్ ఇవ్వగలుగుతున్నారంటే అందువల్లే. దానికి బదులుగా అరచేతులు, అరికాళ్ళు ఆ దెబ్బ తీసుకున్నాయి, చర్మం మళ్ళీ వస్తుంది, గుండె కండరం రాదు.

గుల్లకి అడ్రసు అంటించే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. క్యాన్సర్ కణం పైన ఎక్కువగా ఉండే ఏదో ఒక ప్రొటీన్‌ని గుర్తుపట్టే యాంటీబాడీని గుల్ల పైన అతికిస్తారు. అది వినడానికి ఎంత బాగున్నా తేలిక కాదు, రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 ప్రొటీన్‌ని పట్టుకునేలా చేసిన ఒక లైపోజోమల్ డాక్సోరూబిసిన్ ట్రయల్‌ని ఉపయోగం కనిపించక 2016లో ఆపేశారు. అండాశయ క్యాన్సర్‌లో కణాల మీద ఫోలిక్ యాసిడ్‌ని పట్టుకునే రిసెప్టర్లు చాలా ఎక్కువగా ఉంటాయి, అందుకని ల్యాబుల్లో నానో కణాలకి ఫోలిక్ యాసిడ్‌నే తగిలించి చూస్తున్నారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ని అమెరికాలో లెడర్లీ ల్యాబులో తయారుచేసి చూపించిన జట్టుకి పెద్ద మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు కూడా ఆ జట్టు నుంచే వచ్చింది. ఏళ్ళ తరబడి పిల్లలకి ఆయన గురించి చెప్పాను, ఇప్పుడు నా జబ్బు పేరుతో ఆయన పని గురించి చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

నా సంగతి ఇప్పటికి ఇదీ. సిఎ-125 సగానికి పైగా తగ్గింది, గడ్డలు రెండు చిన్నవయ్యాయి, మిగతావి పెరగకుండా ఆగాయి. పూర్తిగా పోలేదు. డాక్టర్ గారు ప్రస్తుతం మందు ఆపి, స్కాన్లతో గమనిస్తున్నారు. చేతుల చర్మం మామూలుకొచ్చింది, వేళ్ళ కొసలు కొంచెం నల్లగా ఉన్నాయి. మెట్టెలు మా వారు అన్నమాట ప్రకారం మళ్ళీ పెట్టారు.

ఈ మందు మొదలుపెట్టబోయేవాళ్ళు డాక్టర్ గారిని అడగాల్సినవి: ఈకో ఎప్పుడెప్పుడు తీయాలి, ఇంతకుముందు మామూలు డాక్సోరూబిసిన్ పడి ఉంటే ఆ మొత్తం ఎంత, మొదటి డోసు ఎంత నెమ్మదిగా ఎక్కిస్తారు, ఐస్ ప్యాకులు వాళ్ళ దగ్గర ఉన్నాయా. పాత కీమో కాగితాలన్నీ వెంట తీసుకెళ్ళండి, ఆ మొత్తం లెక్క అందులోంచే చూస్తారు. అరచేతిలో చురుక్కుమనడం మొదలైన రోజే ఫోన్ చేసి చెప్పండి, తర్వాతి డోసు దాకా ఆగకండి.